తిరిగివచ్చిన కొరమీను గద్ద

మార్చి నెల తుదివారమున స్కాట్లండు ఉత్తరభాగమందలి కొండలపై మంచు ఇంకను పూర్తిగా కరగియుండదు. ఆ కొండల నడుమ సరస్సులు, సరస్సుల యొడ్డున పైను వృక్షముల యడవులు కలవు. అచ్చటచ్చట ముదుసలి చెట్ల కొనలయందు ఎండుపుల్లలతో పేర్చిన గూళ్లు కనబడును. ఒక్కొక్క గూడు బండిచక్రమంత వెడల్పుండును. వేసవి ముగిసిననాటినుండి అవి శూన్యముగానే యున్నవి. ఈ దినములలో వాటికి దూరముగా, చెక్కలతో కట్టిన చిన్న కుటీరములలో మనుష్యులు కూర్చుండి, దుర్భిణులు చేతబట్టి, దక్షిణాకాశమువంక చూచుచు గంటలు గడపుదురు. వారు ఎదురుచూచునది ఒక గద్దకొరకు.

ఆంగ్లమున దీనిని ఆస్ప్రే యందురు. శాస్త్రజ్ఞులు పాండియన్ హాలియేటస్ అని పేరిడిరి. చేపలే దీని యాహారమగుటచే తెలుగువారు దీనికి కొరమీను గద్ద యని పేరుపెట్టిరి. వీపు ముదురు గోధుమవన్నె, పొట్ట తెలుపు. కంటిమీదుగా మెడవరకు కాటుక దిద్దినట్లు నల్లని చార యుండును. రెక్కలు చాచినపుడు ఒక కొననుండి వేరొక కొనకు అయిదడుగులు, లేదా అంతకు మించియు నుండును. నీటిపై ఎత్తున నొక్కచోటనే రెక్కలాడించుచు నిలిచి, చేప కంటబడగానే కాళ్లు ముందునకు చాచి నీటిలో దూకును. అప్పుడు దాని ముక్కురంధ్రములు మూసికొనును. కాలి వెలుపలి వ్రేలిని వెనుకకు త్రిప్పగల శక్తి దీనికి కలదు. కావున రెండు వ్రేళ్లు ముందునుండియు, రెండు వెనుకనుండియు చేపను బిగించును. అరికాళ్లయందు ముండ్లవంటి గరుకుపొలుసు లుండుటచే ఎంత జారుడు చేపయైనను తప్పించుకొనుట కష్టము. చేపను తలవైపు ముందునకు త్రిప్పి పట్టుకొని ఎగిరిపోవును. అట్లయిన గాలి అడ్డగించుట తగ్గును.

వసంతమున గూడు చేరిన జంట ముందు గూటిని బాగుచేసికొనును. ఆడుపక్షి సామాన్యముగా ఏప్రిల్ మాసమున రెండు మూడు గ్రుడ్లు పెట్టును. అయిదు వారములకు పైగా పొదిగిన పిమ్మట పిల్లలు వెలువడును. ఏడెనిమిది వారములకు అవి ఎగురనేర్చును. అంతకాలమును కుటుంబమునకు చేపలు తెచ్చిపెట్టు భారము ప్రధానముగా మగపక్షిదే. వేసవి ముగియుసరికి తల్లి ముందుగా దక్షిణమునకు బయలుదేరును. పిల్లలు వెళ్లిపోవు దనుక తండ్రి నిలిచి, చివరకు తానును పోవును. అవి చేరవలసినది సెనెగల్, గాంబియా, గినీ బిస్సావు మొదలగు పశ్చిమాఫ్రికా దేశముల తీరము. దూరము సుమారు 5,000 కిలోమీటర్లు. తొలిసారి పోవు పిల్లకు తల్లితండ్రులు తోడురారు. దారి చూపువా రెవ్వరును లేరు. నడుమ సముద్రము, సహారా ఎడారి. బయలుదేరిన పిల్లలలో పెక్కు మొదటి సంవత్సరమే నశించును. బ్రతికినవి రెండేండ్లు, మూడేండ్లు అచ్చటనే పెరిగి, పిమ్మట పుట్టిన ప్రాంతమును వెదకికొనుచు వచ్చును. పెద్దపక్షులు మాత్రము ఏటేట వచ్చును. శీతకాలమున ఆలుమగలు కలిసియుండవు. వేరువేరు తీరములలో, ఒకదాని జాడ యొకటి యెరుగక గడపును. వాటిని మరల నొకచోట చేర్చునది గూడు మాత్రమే. కావుననే ఆ గూటికి అంత ప్రాముఖ్యము.

ఈ గూటినే ఒకనాడు మనుష్యులు పగబట్టిరి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రిటనులో చేపలు పెంచువారు ఈ పక్షిని శత్రువుగా నెంచి తుపాకులతో కొట్టిరి. వారికంటె హెచ్చు కీడు చేసినవారు గ్రుడ్లను సేకరించు శ్రీమంతులు. అరుదైన పక్షి గ్రుడ్డు అద్దాలపెట్టెలో నుండుట వారికి గౌరవచిహ్నము. పక్షి ఎంత అరుదైన, గ్రుడ్డునకు అంత వెల. వెల పెరిగినకొలది పక్షి మరింత అరుదయ్యెను. స్పే నదీలోయలో లాక్ అన్ ఎలెన్ అను సరస్సు కలదు. ఆ పేరునకు దీవిగల సరస్సని యర్థము. ఆ దీవియందలి శిథిలదుర్గముపై కొరమీను గద్దలు గూడు కట్టెడివి. లూయీ డన్‌బార్ అను నాతడు మంచు కురియు రాత్రివేళ ఆ చల్లని నీటిలో ఈదిపోయి గ్రుడ్లను అపహరించెనట! ఇట్టి సాహసమును నాడు వినోదముగా నెంచిరి. 1899 తరువాత ఆ దుర్గముపై గద్ద గూడు కట్టలేదు. ఇరువదవ శతాబ్దము తొలిపాదము ముగియునప్పటికి బ్రిటనులో గూడుకట్టు పక్షిగా ఇది దాదాపు అంతరించినది. స్వీడను మొదలగు ఉత్తరదేశములకు పోవు పక్షులు దారిలో కొన్ని దినములు ఆగి కనబడుట మాత్రమే మిగిలెను.

1954లో ఒక జంట స్పే లోయలో, గార్టెన్ సరస్సు ప్రాంతమున గూడుకట్టి రెండు పిల్లలను పెంచెను. పిలిచినవారు లేరు, తెచ్చినవారు లేరు. అవి తమంతట తామే వచ్చినవి. అడవిపక్షులకును వాటి గ్రుడ్లకును రక్షణ కల్పించు చట్టము బ్రిటనులో ఆ యేడే వెలువడినది. కాని చట్టము కాగితముపై నున్నది. గూడు చెట్టుపై నున్నది. పక్షిసంరక్షణకై పాటుపడు రాయల్ సొసైటీవారు గూడున్న చోటు ఎవ్వరికిని తెలియనీయక, కొలదిమంది కావలివాండ్రతో దానిని కాపాడ యత్నించిరి. తరువాతి యేండ్లలో గూళ్లు ఫలింపలేదు. 1958 జూన్ మాసమున ఒక చీకటిరాత్రి, కావలివారు ఉండగనే, ఒకడు చెట్టెక్కెను. కావలివారు వెంబడింపగా వాడు చీకటిలో మాయమయ్యెను. చెట్టుక్రింద గ్రుడ్లు పగిలి పడియుండెను. గూటిలో వాటికి బదులు, బూటుపాలిషు పూసిన కోడిగ్రుడ్లు రెండు కనబడినవి.

నాడు స్కాట్లండులో ఆ సంఘమునకు ప్రతినిధిగా నున్నవాడు జార్జి వాటర్‌స్టన్. ఆయన 1911లో ఎడిన్‌బరోలో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున క్రీటు ద్వీపమున పట్టుబడి జర్మనీలో ఖైదీగా నుండెను. ముళ్లకంచెల నడుమ నుండియే, యుద్ధానంతరమున ఫెయిర్ ద్వీపములో పక్షుల పరిశీలనాలయము నెలకొల్పవలెనని తోటి ఖైదీలతో ఆలోచన చేసెను. 1943లో అనారోగ్యముచే విడుదలయై ఓడలో మరలివచ్చుచుండగా, స్వదేశభూమిలో మొట్టమొదట ఆయన కంటబడినది ఆ ద్వీపమే. 1948లో దానిని కొని అనుకొన్నది సాధించెను. పట్టినపట్టు విడువని ఇట్టి మనిషికి 1958 నాటి దొంగతనము పెద్ద పాఠమైనది.

రహస్యము గూటిని కాపాడలేదు. గ్రుడ్లదొంగకు ఆ రహస్యము తెలియును; తెలియనివారు సామాన్యప్రజలు మాత్రమే. కావున 1959లో వాటర్‌స్టన్ అంతకుముందు చేసినదానికి సరిగా విరుద్ధమైనది చేసెను. గద్దలు గూడు కట్టినవని లోకమునకు చాటెను. చెట్టు మొదటికి ముళ్లతీగ చుట్టించి, రేయింబవళ్లు స్వచ్ఛందసేవకులను కాపుంచెను. తగినంత దూరమున కుటీరము కట్టించి, దూరదర్శినులు అమర్చి, ఎవరైనను వచ్చి చూడవచ్చునని ఆహ్వానించెను. ఇది సాహసమని శంకించిన వారును లేకపోలేదు. జనుల అలికిడికి పక్షులు బెదరి గూడు విడిచిన, నలువదేండ్ల పిమ్మట లభించిన అవకాశము చేజారియుండెడిదే. కాని ఆ వేసవిలో సుమారు 14,000 మంది వచ్చిరి. వారెల్లరు నిశ్శబ్దముగా వరుసలో నిలిచి, ఒక్కొక్కరు గూటివంక చూచి పోయిరి. ఆ యేడు గూటినుండి మూడు పిల్లలు ఎగిరినవి.

చూచిపోయిన ప్రతివాడును ఆ గూటికి ఒక కాపరి యయ్యెను. దొంగ కోరునది చీకటిని. వేలకన్నులు కాయుచోట చీకటికి తావు తక్కువ. అట్లని అపాయము తొలగిపోలేదు. ఇతర ప్రాంతములలో గూళ్లు దోపిడికి గురియగుచునే వచ్చినవి. 1986లో ఎవరో రాత్రివేళ వచ్చి గార్టెన్ సరస్సు గూటిచెట్టునే రంపముతో కోసిరి. చెట్టు కూలకుండ ఇనుపకట్లు వేసి నిలుపవలసివచ్చెను. కాపలా ఒకనాటి పని కాదు.

తుపాకి, దొంగచేయి మాత్రమే ఈ పక్షికి శత్రువులు కావు. పంటలపై చల్లిన డి.డి.టి. వాననీటితో నదులలో కలిసి, చేపల దేహమున పేరుకొని, వాటిని తిను గద్దల గ్రుడ్లపెంకులను పలుచన చేసెను. తల్లి పొదుగుటకు కూర్చుండగనే గ్రుడ్లు చిట్లెడివి. అమెరికాలో న్యూయార్కు, బోస్టను నగరముల నడుమ తీరమున 1940 ప్రాంతమున సుమారు 1,000 గూళ్లుండగా 1969 నాటికి 150 మాత్రమే మిగిలెను. 1972లో ఆ దేశము డి.డి.టి.ని నిషేధించిన పిమ్మట అవి మరల పెరిగినవి.

స్కాట్లండులో వృద్ధి మెల్లగా సాగెను. 1976లో 14 జంటలు, 1991లో 71, 2001లో 158. 1960 ప్రాంతమున గార్టెన్ సరస్సు కడ కావలిపనిలో చేరిన రాయ్ డెన్నిస్ అను యువకుడు తరువాత జీవితమంతయు ఈ పక్షుల సేవకే వినియోగించెను. గాలివానకు గూళ్లు కూలకుండ చెట్లకొనలయందు కృత్రిమముగా గూళ్లు కట్టి పక్షులకు చూపుట ఆయన పద్ధతి. 1996 మొదలు స్కాట్లండు పిల్లలను ఇంగ్లండులోని రట్లండ్ జలాశయమునకు తెచ్చి విడిచిరి. 2001లో అచ్చట మొదటిపిల్ల పుట్టెను. 2022లో దక్షిణతీరమందలి పూల్ రేవున, దాదాపు 180 ఏండ్ల తరువాత, మరల గూడు ఫలించెను.

అంకెలు చెప్పజాలని విషయమును ఒక ఆడుపక్షి కథ చెప్పును. లోస్ సరస్సుకడ 1991 నుండి 2014 వరకు ఒకే పక్షి 24 వసంతములు వరుసగా వచ్చినదని పరిశీలకులు గుర్తించిరి. దాని కాలికి కడియము లేదు. కంటిలోని మచ్చలనుబట్టి ఆనవాలు పట్టెడివారు. అది 71 గ్రుడ్లు పెట్టి, 50 పిల్లలను రెక్కలిచ్చి పంపెను. 2010 జూన్‌లో అది జబ్బుపడి గూటిలో కదలలేక పడియుండగా, కెమెరాద్వారా చూచువారందరు ఇక దక్కదనుకొనిరి. కాని అది కోలుకొని పిల్లలను మరల సాకెను. 2015 వసంతమున మాత్రము రాలేదు. ఎక్కడ, ఎట్లు ముగిసినదో ఎవ్వరును చూడలేదు. అయినను ఆ యేడు గూడు ఖాళీగా లేదు. మరియొక ఆడుపక్షి వచ్చి చేరెను.

నేడు కొన్ని పక్షుల వీపున చిన్న యంత్రములు కట్టి, అవి ఎడారి దాటుట, సముద్రము దాటుట ఉపగ్రహముల సహాయమున గమనించుచున్నారు. 2014 నుండి మార్చి నెలలో పాఠశాలల బాలబాలికలు దేశపటముపై ఈ ప్రయాణమును దినదినము గుర్తించునట్లు రట్లండ్ సంస్థవారు ఏర్పాటుచేసిరి. బ్రిటనులోని బడిపిల్లలను గాంబియా బడిపిల్లలతో జతచేయుటయు ఆ కృషిలో భాగమే. ఒకరి పక్షి వేసవిలో మరియొకరి పక్షి శీతకాలములో! భూగోళపాఠము ఇంతకంటె సులభముగా చెప్పవచ్చునా?

మన చెరువులును ఆ పాఠమునకు దూరముగా లేవు. శీతకాలమున కొల్లేటిలోను, పులికాటులోను, పెద్దజలాశయముల గట్లపైని ఎండుమానుల కొనలయందును కొరమీను గద్ద కనబడును. అది స్కాట్లండు పక్షి కాదు. ఉత్తరమునుండి వచ్చు వేరొక జనము. మార్చి, ఏప్రిల్ నెలలలో అది మన నీటినుండి మాయమగును. ఏటేట మొదటిసారి చూచిన దినమును, వసంతమున చివరిసారి చూచిన దినమును ఉపాధ్యాయులు బడి నోటుపుస్తకమున పిల్లలచే వ్రాయింపవచ్చును. కొన్నేండ్లు గడచునప్పటికి ఆ పుస్తకమున ఒక ప్రాణి రాకపోకల చరిత్ర నిలుచును. దానికి మొదటి కాపరులు ఆ పిల్లలే యగుదురు.