ధ్రువసీమలో రెండూళ్ల దూరము



ఫలానా యూరెంత దూరమని యడిగినచో నొకరు మైళ్లలో చెప్పుదురు. మఱియొకరు "పూటనడక" యందురు. మొదటిది నేలను కొలిచిన దూరము. రెండవది కాలమును కొలిచిన దూరము. నేఁడు నేను చెప్పఁబోవు రెండూళ్లకు రెండవ కొలతయే ప్రధానము.

అవి కెనడా దేశపు ఉత్తరసీమయగు నునావుట్‌లో, మంచుసముద్రపు దీవులలో నున్నవి. ఒకటి రెజల్యూట్, ఇనుయిట్ జనులు దానిని తెల్లవాఱని చోటని తమ భాషలో పిలుతురు. రెండవది గ్రీస్ ఫియోర్డ్. దానిపేరునకు మంచు కరఁగని చోటని యర్థము. 2021 జనాభాలెక్కలలో మొదటి యూర 183 మంది, రెండవ యూర 144 మంది యుండిరి. రెంటినడుమ బాట లేదు, రైలు లేదు. వేసవిలో మంచు విడినపుడు సరకులయోడ వచ్చును. తక్కిన కాలమున దూరప్రయాణమునకు విమానమే దిక్కు.

గోడపటము చూచినచో నీ యూళ్లు మిక్కిలి యెడముగాఁ గానవచ్చును. నడుమ 12 రేఖాంశము లున్నవి. భూమధ్యరేఖకడ నది యించుమించు 830 మైళ్లు. కాని గుమ్మడికాయ చాళ్లు తొడిమను సమీపించుకొలఁది దగ్గఱ యగునట్లు, రేఖాంశములును ధ్రువమును సమీపించుకొలఁది దగ్గఱ యగును. అచ్చట నా దూరము నాలుగవవంతే. ఉత్తరముగాఁ బోవలసిన 120 మైళ్లను గూడ లెక్కించి యడ్డముగా కొలిచిన, మొత్తము సుమారు 240 మైళ్లు.

చిన్నవిమానము గంటకు 160 మైళ్లు పోవు ననుకొందము. గాలి లేనిచో గంటన్నర ప్రయాణము. గంటకు 40 మైళ్ల యెదురుగాలి వీచెనా, రెండుగంటలు పట్టును. తిరుగుప్రయాణమున నదేగాలి తోడైన, గంటా పండ్రెండు నిమిషములు చాలును. రాకపోకలు కలిపిన 3 గంటలకు మాఱుగా 3 గంటల 12 నిమిషము లయినవి. ఏటికెదురు పడవ నడపినవారి కిది వింత కాదు: పోవునపుడు పోయిన కాలమంతయు వచ్చునపుడు తిరిగిరాదు.

ఇది లెక్కలోని మాట. గ్రీస్ ఫియోర్డ్‌లో దిగుచోటు పొట్టిది, కంకరది; చుట్టును కొండలు. భూమి యయస్కాంతశక్తి యచ్చట దాదాపు నిలువునఁ గ్రిందికి లాగుటచే దిక్సూచి నమ్మఁదగినది కాదు. శీతకాలమున నెలల తరబడి సూర్యుఁ డుదయింపఁడు. పొగమంచు క్రమ్మిన, గంటన్నర ప్రయాణమునకు దినములకొలఁది వేచియుండవలయును. పెద్దాసుపత్రియున్న ఇకాలుయిట్ నగర మింకను 900 మైళ్లకుపైఁబడి యున్నది. రోగియొద్దఁ గూర్చున్నవారికి దూర మనఁగా నేమో యప్పుడు తెలియును.

ఈ దూరమున కొక చరిత్ర గలదు. 1953లోను, 1955లోను కెనడాప్రభుత్వము దక్షిణమున హడ్సన్ అఖాతపు తీరమందలి ఇనుక్‌జువాక్‌నుండి కొన్ని కుటుంబముల నీ ప్రాంతములకుఁ దరలించెను. రెండేండ్లలో మరలిపోవచ్చునని చెప్పిన మాట నిలువలేదు. ఒక్కచోటనుండి బయలుదేఱిన బంధువులను విడఁదీసి వేర్వేఱుచోట్ల దింపిరి. ప్రభుత్వము 2010లో క్షమాపణ చెప్పెను.

కావున నా 240 మైళ్లు వట్టి యంకె కాదు. బంధువులనడుమఁ బడిన యెడము. కూతునిచ్చిన యూరెంత దూరమని మన మడుగునపుడును మనకుఁ గావలసినది మైళ్లలెక్క గాదు. కబురందిన నెంతలోఁ జేరఁగలమనుటయే.