ఒక్క పూటలో హాలాంగ్ బే

వియత్నాం వెళ్లొచ్చిన ఎవరి ఇన్‌స్టా చూసినా ఒక ఫొటో కచ్చితంగా ఉంటుంది. ఆకుపచ్చటి సముద్రం, అందులో నిటారుగా లేచిన రాతి కొండలు, వాటి మధ్య బోట్లు. అదే హాలాంగ్ బే. రాత్రి బోటులోనే పడుకునే క్రూజులు కూడా ఉన్నాయి కానీ స్టూడెంట్ జేబుకి అవి అందవు. మనకి మిగిలేది హనోయ్ నుంచి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే డే ట్రిప్. మొన్న సెలవుల్లో మా అన్నయ్యతో నేను వెళ్లిందీ అదే. "అంత దూరం పోయి ఒక్క పూటేనా?" అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు టైం లెక్క చూద్దాం. హనోయ్ నుంచి హాలాంగ్ సుమారు 160 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సుకి రెండున్నర గంటలు. అంటే రానూపోనూ ఐదు గంటలు రోడ్డుకే పోతాయి. నీళ్ల మీద ఉండేది నాలుగైదు గంటలు. కాబట్టి ఏం చూస్తున్నామో ముందే తెలిసి ఉండాలి.

'హా' అంటే దిగడం, 'లాంగ్' అంటే డ్రాగన్. శత్రువుల ఓడల్ని ఆపడానికి ఆకాశం నుంచి దిగిన డ్రాగన్లు ఉమ్మిన మణులే ఈ దీవులయ్యాయని అక్కడి కథ. ఇవి మొత్తం 1,969 అని లెక్క చెప్తారు. యునెస్కో 1994లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సైన్స్ చెప్పే కథ నాకు ఇంకా నచ్చింది. ఇదంతా సున్నపురాయి, కోట్ల ఏళ్ల క్రితం సముద్రం అడుగున పేరుకున్నది. తర్వాత అది పైకి లేచి నేలైంది. వాన నీళ్లలో గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిస్తే పలచటి ఆమ్లం అవుతుంది. అది రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తూ కొండలుగా, లోయలుగా చెక్కింది. మన బొర్రా గుహల్ని తొలిచిందీ ఇదే కెమిస్ట్రీ. ఆఖరి మంచుయుగం పోయాక సముద్రమట్టం పెరిగి ఆ లోయలు మునిగిపోయాయి. అంటే మనం దీవులనుకునేవి నిజానికి కొండ శిఖరాలు, మన బోటు వెళ్లేది లోయ మీదుగా! ఈ సంగతి తెలిశాక చూస్తే అదే దృశ్యం వేరేలా కనిపిస్తుంది.

ఎక్కువ డే ట్రిప్పులు మూడు చోట్ల ఆగుతాయి. సుంగ్ సోట్ గుహ లోపల చాలా పెద్దది. హాంగ్ లువాన్ దగ్గర కయాక్‌లోనో వెదురు పడవలోనో రాతి వంపు కింద నుంచి వెళ్తే చుట్టూ కొండలున్న చిన్న మడుగులోకి చేరతాం. టీటాప్ దీవిలో 400కు పైగా మెట్లెక్కితే బే అంతా కనిపిస్తుంది. దాని పేరు సోవియట్ వ్యోమగామి టిటోవ్‌ది. 1962లో హో చి మిన్ ఆయన్ని అక్కడికి తీసుకెళ్లారు.

ఇక డబ్బులు. నాకు బస్సు, బోటు, భోజనం, ఎంట్రీ టికెట్లు అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర అయింది. బుక్ చేసేముందు ఎంట్రీ టికెట్టు, కయాక్ అందులో కలిపారో లేదో అడగండి. చవగ్గా కనిపించే రేట్ల కిటుకు అక్కడే ఉంటుంది. శాకాహారులైతే ముందే 'చాయ్' అని చెప్పండి. అక్కడ చాయ్ అంటే టీ కాదు, మాంసం లేని తిండి! 

పొదుపు చేయకూడనిది మాత్రం ఒకటుంది. 2025 జూలైలో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి హాలాంగ్‌లో ఒక టూరిస్ట్ బోటు తిరగబడి ముప్పై మందికి పైగా చనిపోయారు. 2019లో మన గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది మనమెవరం మర్చిపోలేదు. కాబట్టి అన్నిటికంటే చవకైన బోటుకి కాకుండా లైఫ్ జాకెట్లు చేతికందేలా పెట్టిన బోటుకి డబ్బివ్వండి. ఎక్కగానే అవి ఎక్కడున్నాయో చూసుకోండి. వాతావరణం బాగాలేక ట్రిప్ ఆపేస్తే గొడవపడకండి. డబ్బు వెనక్కిచ్చే షరతు ముందే చదువుకుంటే చాలు.

ఇంతకీ ఒక్క పూట సరిపోతుందా? బేలో సూర్యోదయం దొరకదు, తీరిగ్గా గడిపే రాత్రీ దొరకదు. కానీ క్రూజుల వాళ్లు చూసే కొండలు, మనం చూసే కొండలు ఒకటే. మీ దగ్గర రెండు లక్షల డాంగ్‌ల నోటుంటే వెనక్కి తిప్పి చూడండి, అందులో ఉన్న రాయి ఈ బేలోదే. బోటు దాని దగ్గరికి వచ్చినప్పుడు నోటు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. ఆ ఫొటో మాత్రం ఫ్రీ.