కనపడని పిట్ట కోసం ఓ ఉదయం

నాన్న పోయిన మూడు నెలలుగా నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ‘పొద్దున్నే కాసేపు బయట నడవండి’ అన్నారు డాక్టరు. ‘ఊరికే నడవడం ఎందుకురా, నాతో చెరువుకు రా. ఓ పిట్టను చూపిస్తా’ అన్నాడు వీరులపాడులో ఉండే బాబాయి.

శ్రావణ మాసం. పత్తి చేలు దాటి చెరువు కట్ట ఎక్కేసరికి తూర్పు తెల్లబడుతోంది. బాబాయి వెతుకుతున్నది పెయింటెడ్ స్నైప్‌ని. తుంగలో, వరి మళ్లలో నక్కి తిరిగే ఈ పిట్ట తెల్లవారుజామున, మునిమాపు వేళ తప్ప బయటికి రావడం తక్కువ. అలికిడైతే కదలకుండా బిగుసుకుపోతుంది. చాలా పక్షుల్లో మగదానికి సోకులెక్కువ. ఇందులో ముదురు రంగులన్నీ ఆడదానివే. గుడ్లు పెట్టి అది మరో జోడును వెతుక్కుంటుంది. పొదిగేది, పిల్లల్ని సాకేది మగపక్షి!

‘ముందు చెవులతో వెతుకు’ అన్నాడు బాబాయి. తీతువు అరిచింది. బుడబుంగ నీటిలో మునిగింది. ఎక్కడ తేలుతుందా అని చూస్తూ ఉండిపోయా. ఇంతలో తుంగలోంచి ఖాళీ సీసా మూతిలో ఊదినట్టు ‘ఊ... ఊ...’ అని చప్పుడు. ‘అదేరా!’ అంటూ బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. గంటసేపు చూశాం. ఎండెక్కింది కానీ పిట్ట బయటికి రాలేదు.

అంతసేపూ జేబులో ఫోన్ ఉన్న సంగతే గుర్తు రాలేదు. నాన్న గుర్తొచ్చారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న నాన్న కాదు, పొలం గట్టున నడిచే నాన్న.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు సుమారు 1,300 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజూ పలకరించి, 2022లో ఫలితాలు వెల్లడించారు. పక్షుల్ని చూసినప్పుడు, విన్నప్పుడు మనసు తేలికపడుతోందని, ఆ ప్రభావం ఎనిమిది గంటల వరకూ ఉండొచ్చని తేలింది. డిప్రెషన్ ఉన్నవారిలోనూ ఇదే కనిపించింది. స్కాట్లండ్‌లోని షెట్లాండ్ దీవుల్లో 2018 నుంచి డాక్టర్లు మందులతో పాటు ప్రకృతిలో నడకనూ, పక్షుల్ని చూడటాన్నీ సూచిస్తున్నారు.

మీరూ వెళ్లాలనుకుంటే...

* ముదురు రంగులు కాకుండా మట్టి రంగు, ఆకుపచ్చ దుస్తులు వేసుకోండి. దోమలుంటాయి కాబట్టి నిండు చేతులవి మేలు.
* గట్ల మీద పాములుంటాయి. బూట్లు, టార్చి తప్పనిసరి.
* మధుమేహానికి మందులు వాడేవారు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.
* గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి పిలవొద్దు.
* దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టర్‌ను కలవండి. పిట్టలు తోడు మాత్రమే, చికిత్స కాదు.

మొన్న బాబాయి ఫోన్ చేశాడు. ‘ఆదివారం వస్తావా? ఈసారి ఇంకాస్త ముందే వెళదాం.’ నాలుగింటికి అలారం పెట్టుకున్నా.