తన పొగను తానే పసిగట్టే ఇంజిన్

బండికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఎందుకొచ్చిందని అడిగితే పికప్ కోసమని కొందరు, మైలేజీ కోసమని కొందరు చెబుతారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇంధనాన్ని ఒత్తిడితో చిమ్మడం కొత్త ఆలోచన కాదు. డీజిల్ ఇంజిన్ పుట్టినప్పటి నుంచీ అది చేస్తున్న పనే అది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధ విమానాలకు అమర్చిన డైమ్లర్-బెంజ్ ఇంజిన్లు పెట్రోలును పంపులతో నేరుగా సిలిండర్లలోకి చిమ్మేవి. 1954లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కారు రోడ్డు మీద ఆ పద్ధతినే వాడింది. పికప్ ఒక్కటే కావాలంటే కథ అక్కడితో ముగిసేది, ఎలక్ట్రానిక్స్ అవసరమే వచ్చేది కాదు. నా దృష్టిలో ఈ యంత్రం గొప్పతనం చిమ్మడంలో లేదు, కొలవడంలో ఉంది. ఎంత పోయాలో లెక్కగట్టి, పోశాక ఏమైందో చూసి, తప్పును తానే దిద్దుకోవడం అంతకు ముందు ఏ మోటారు బండికీ చేతకాలేదు. ఆ విద్యను ఇంజిన్‌కు నేర్పించింది వేగం మీద మోజు కాదు, పొగ మీద పెట్టిన చట్టం.

ఇంజెక్షన్‌కు ముందు గాలిలో పెట్రోలు కలిపిన కార్బురేటర్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. కరెంటు లేకుండా, లెక్కలు లేకుండా, కేవలం గాలి వేగంతో పనిచేసే చక్కటి పరికరం అది. ఇరుకు గొంతులోంచి గాలి దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదలే పెట్రోలును సన్నని జెట్ గుండా పైకి లాగుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బురేటర్‌కు గాలి వేగం తెలుస్తుంది గానీ దాని బరువు తెలియదు. చిక్కంతా అక్కడే. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున 5 డిగ్రీల చలిలో ఉండే గాలితో పోలిస్తే, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో ఉండే గాలి, ఒత్తిడి ఒకటే అనుకున్నా, ఎనిమిదో వంతు తేలిక. జెట్ రంధ్రం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనక చోక్ లాగాలి, ఘాట్ ఎక్కితే గాలి పలచబడి, మిశ్రమం చిక్కబడి బండి ఆయాసపడుతుంది. చేయి తిరిగిన మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేసేది ఆ పూటకూ ఆ ఊరికీ సరిపోయే సర్దుబాటే.

ఈ లెక్కను ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించే తొలి ప్రయత్నం 1950ల చివర అమెరికాలో జరిగింది. బెండిక్స్ సంస్థ తయారుచేసిన ఎలక్ట్రోజెక్టర్‌ను క్రైస్లర్ తన 1958 కార్లలో కొన్నింటికి పెట్టింది. ఇంజిన్ వేడికీ కుదుపులకూ అప్పటి విడిభాగాలు తట్టుకోలేదు. చాలా కార్లకు ఇంజెక్షన్ తీసేసి మళ్లీ కార్బురేటర్లు బిగించారు. పేటెంట్లు జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి. 1967లో బాష్ తెచ్చిన డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమెరికాకు పంపే ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లలోకి చేరింది. అది అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగ నిబంధనలు బిగుసుకుంటున్న కాలం. డి-జెట్రానిక్ సూత్రమే ఇవాళ్టి ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటార్‌సైకిళ్లలోనూ ఉంది. ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టంలోని ఒత్తిడి, గాలి వేడి, ఇంజిన్ వేడి, క్రాంక్ వేగం సెన్సర్ల ద్వారా ఈసీయూ అనే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెకు అందుతాయి. వాటి నుంచి అది గాలి బరువును లెక్కగట్టి, ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయిస్తుంది. ఇంజెక్టర్ అంటే విద్యుదయస్కాంతం లేపే చిన్న సూది కవాటం. పెట్రోలు ఒత్తిడి స్థిరంగా ఉంటుంది గనక తెరిచి ఉన్న సమయమే మోతాదు. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఒంటి సిలిండర్ ఇంజిన్‌లో ఇది సెకనుకు 50 సార్లు జరగాలి, ఒక్కో చిమ్ముకు దొరికేది కొన్ని మిల్లీసెకన్లే. బ్యాటరీ నీరసిస్తే కవాటం ఆలస్యంగా లేస్తుంది కాబట్టి ఆ ఆలస్యాన్ని కూడా ఈసీయూ లెక్కలో కలుపుకుంటుంది.

ఇంతవరకూ ఇది మంచి అంచనా, అంతే. ఇంజెక్టర్ అరిగినా, ఫిల్టర్ మూసుకుపోయినా అంచనా తప్పుతుంది. అసలు మలుపు సైలెన్సర్ దగ్గర వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌నూ మండని హైడ్రోకార్బన్లనూ పూర్తిగా మండించడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్లకు అది పూర్తిగా తిరగబడుతుంది, వాటిలోంచి ఆక్సిజన్‌ను లాగేయాలి. ఈ మూడింటినీ ఒకే కేటలిటిక్ కన్వర్టర్ శుభ్రం చేయాలంటే మిశ్రమం 14.7 దగ్గర దాదాపు ఒక శాతం తేడాలోనే నిలబడాలి. అంత ఖచ్చితత్వం అంచనాతో రాదు. అందుకే బాష్ జిర్కోనియా పింగాణీతో ఆక్సిజన్ సెన్సర్ చేసింది. 1976లో కాలిఫోర్నియాకు వెళ్లిన వోల్వో కార్లలో అది మొదట కనిపించింది. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు, మిగలకపోతే 0.9 వోల్టు దాకా ఇస్తుంది. కూర రుచి చూసి ఉప్పు సర్దే వంటమనిషిలా, ఈసీయూ ఆ సంకేతాన్ని బట్టి తర్వాతి చిమ్ములను తగ్గిస్తూ పెంచుతూ పోతుంది. సీసం కలిసిన పెట్రోలు ఈ సెన్సర్‌నూ కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది. 2000లో మన దేశంలో సీసం పెట్రోలు ఆగిపోవడం వెనక ఈ అవసరం కూడా ఉంది.

కార్బురేటర్‌కే ఈ సెన్సర్‌ను తగిలిస్తే సరిపోదా అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1980లలో అలాగే చేశారు. జెట్‌ను కవాటంతో తెరిచి మూసే ఆ కార్బురేటర్లు పనిచేశాయి కూడా. కానీ అన్ని సిలిండర్లకూ ఒకే చోటి నుంచి వెళ్లే పెట్రోలు దారిలో గొట్టం గోడలకు అంటుకుని ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా చేరుతుంది. దిద్దుబాటు చేరేసరికి పరిస్థితి మారిపోతుంది. వాల్వు పక్కనే చిమ్మే ఇంజెక్టర్‌కు ఆ బాధ చాలా తక్కువ. ఇంజెక్షన్‌కూ హద్దులు లేకపోలేదు. సెన్సర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కేదాకా మాట్లాడదు, పూర్తి థ్రాటిల్‌లో ఈసీయూ దాని మాట పక్కనపెట్టి మిశ్రమాన్ని చిక్కగా ఉంచుతుంది. దిద్దుబాటు విలువ మాత్రం ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో మరింత తెలుస్తోంది. ఇథనాల్‌కు గ్రాముకు 9 గ్రాముల గాలే చాలు గనక ఆ పెట్రోలుకు సరైన నిష్పత్తి 13.5 దగ్గరికి దిగుతుంది. సెన్సర్ ఉన్న బండి ఆ తేడాను చాలావరకు సర్దుకుంటుంది, పాత కార్బురేటర్ బండి పలచని మిశ్రమంతో నడుస్తుంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కావడం వల్ల తగ్గే మైలేజీని గానీ, పాత రబ్బరు గొట్టాలకు కలిగే నష్టాన్ని గానీ ఏ సెన్సరూ ఆపలేదు.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం మెకానిక్‌ది. స్క్రూ డ్రైవర్‌తో చెట్టు కింద బాగుచేసే బండిని స్కానర్ ఉన్న షోరూంకు కట్టేశారంటే కాదనలేం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త పెట్రోలు మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో మెకానిక్‌ల బతుకుదెరువు ప్రశ్న ఇది. అయినా తప్పు యంత్రానిది కాదు. తన జబ్బును కోడ్ రూపంలో తానే చెప్పే ఇంజిన్‌ను బాగుచేయడం నిజానికి సులువు కావాలి. ఆ కోడ్ చదివే హక్కు కొందరి చేతుల్లోనే ఉండిపోతేనే అది కష్టమవుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే ఈ సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని తీర్పిచ్చారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసినప్పుడు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఇక్కడితో ఆగకూడదు. ఐటీఐల్లో ప్రతి మెకానిక్ విద్యార్థి చేతికీ స్కానర్ అందాలి, కోడ్‌ల అర్థాలు తెలుగులో దొరకాలి. బండి కొనే మీరు కూడా మైలేజీ ఎంతని అడిగేటప్పుడే, దీని లోపాన్ని మా ఊరి మెకానిక్ చదవగలడా అని అడగండి.