డీజిల్ పికప్‌లో ఇంధన పీడనం తగ్గితే లోపం ఎక్కడ వెతకాలి?

డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని మండించడానికి నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే, ఆ గాలిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తాను అంటుకుంటుంది. అంత సన్నగా చిమ్మడానికి వందల బార్ల పీడనం, కొత్త ఇంజన్లలోనైతే వెయ్యి బార్లకు మించిన పీడనం అవసరం. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బారు మాత్రమే. అందువల్ల డీజిల్ వాహనంలో ఇంధన వ్యవస్థను రెండు అంచెలుగా కడతారు. ట్యాంకు నుంచి డీజిల్‌ను తెచ్చి, ఫిల్టరులో వడగట్టి, ముందుకు అందించేది మొదటి అంచె. దాన్ని అందుకొని విపరీతమైన పీడనంతో ఇంజెక్టర్లకు పంపేది రెండవది. మొదటి అంచెను నడిపే చిన్న పంపును లిఫ్ట్ పంపు అనీ ఫీడ్ పంపు అనీ వ్యవహరిస్తారు. ఖరీదంతా రెండవ అంచెలో ఉన్నా, దాని ఆయుష్షు మొదటి అంచె చేతిలో ఉంటుందన్న సంగతికి అమెరికాలో 1998 నడిమి నుంచి 2002 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ పికప్ ట్రక్కును మించిన ఉదాహరణ దొరకదు.

ఆ ట్రక్కులో ఉన్నది 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజను. 1998కి ముందు నమూనాల్లో లిఫ్ట్ పంపును ఇంజను క్యామ్‌షాఫ్టే యాంత్రికంగా నడిపేది. 24 వాల్వుల కొత్త ఇంజనులో దాని స్థానంలో విద్యుత్ పంపు రాగా, అధిక పీడనపు పని బాష్ తయారీ వీపీ44 అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పంపుకు అప్పగించారు. వీపీ44 లోపలి భాగాలకు డీజిలే కందెన, డీజిలే శీతలకారి. దాని నెత్తిన అమర్చిన ఎలక్ట్రానిక్ పెట్టె వేడిని కూడా ఆ ప్రవాహమే మోసుకుపోవాలి. అందుకే ఇంజను కాల్చే దానికంటే చాలా ఎక్కువ డీజిల్‌ను పంపుకు అందించి, మిగిలినదాన్ని ఓవర్‌ఫ్లో వాల్వు ద్వారా ట్యాంకుకు తిరిగి పంపేలా వ్యవస్థను రూపొందించారు. సుమారు 14 పీఎస్ఐ దగ్గర, అంటే చదరపు అంగుళానికి 14 పౌండ్ల పీడనం దగ్గర, ఆ వాల్వు తెరుచుకుంటుంది.

చిక్కేమిటంటే, లిఫ్ట్ పంపు నీరసించినా బండి పరుగెత్తుతూనే ఉంటుంది. వీపీ44 లోపల ఉన్న రెక్కల పంపు తనకు కావలసిన డీజిల్‌ను తానే లాక్కోగలదు గనుక డ్రైవరుకు తేడా తెలియదు. తగ్గేది ఇంజను బలం కాదు, పంపును చల్లబరిచే ప్రవాహం. లోపల అరుగుదల ముదిరి, ఇంధనం చిమ్మే క్షణాన్ని ముందుకూ వెనక్కీ జరిపే పిస్టన్ సరిగా కదలలేని దశకు వచ్చాక, పీ0216 అనే దోష సంకేతం వెలుగుతుంది. అప్పటికి ఇంజెక్షన్ పంపు పని అయిపోయినట్టే. ఇంత సున్నితమైన పంపును పెట్టి, దానికి అందే పీడనాన్ని డ్రైవరుకు చూపే ముల్లును మాత్రం డ్యాష్‌బోర్డులో పెట్టకపోవడం డిజైనులో పెద్ద లోటుగానే కనిపిస్తుంది.

లిఫ్ట్ పంపును అమర్చిన చోటు కూడా దానికి కలిసిరాలేదు. ఇంజను పక్కనే బిగించడం వల్ల వేడినీ అదురునూ భరిస్తూ, వెనుక ఉన్న ట్యాంకు నుంచి పొడవాటి గొట్టం గుండా డీజిల్‌ను లాక్కోవాలి. బావి గట్టున పెట్టిన మోటారుకూ నీటిలో ముంచిన సబ్‌మెర్సిబుల్‌కూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది: నెట్టే పంపుకు దాని శక్తే హద్దు కాగా, లాగే పంపుకు వాతావరణ పీడనం హద్దు. సముద్ర మట్టం దగ్గర 14.7 పీఎస్ఐ ఉండే ఆ పీడనం, సుమారు 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో 12 చిల్లరకు దిగుతుంది. ఉమ్మడి గొట్టం నుంచి ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్ ఇంజన్లు వచ్చాక, 2005 నమూనా నుంచి లిఫ్ట్ పంపును ట్యాంకులోకే మార్చారు.

పరీక్షకు దిగే ముందు ఒక మౌలిక విషయం గుర్తించాలి. పంపు నేరుగా తయారుచేసేది పీడనాన్ని కాదు, ప్రవాహాన్ని; ఆ ప్రవాహానికి ముందున్న దారి అడ్డుపడినప్పుడే పీడనం పుడుతుంది. కాబట్టి పీడనం తగ్గిందంటే పంపు బలహీనపడి ఉండవచ్చు, పంపుకు వెనుక దారి మూసుకుపోయి ఉండవచ్చు, పంపుకూ కొలిచే చోటుకూ మధ్య ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు, లేదా ఓవర్‌ఫ్లో వాల్వు తెరుచుకునే ఇరుక్కుపోయి డీజిల్ అంతా తేలిగ్గా ట్యాంకుకు జారిపోతూ ఉండవచ్చు. గేజి చూపే ఒకే అంకె వెనుక ఇన్ని కారణాలు దాగి ఉండగా, అంకె తగ్గగానే పంపు మార్చడం రోగనిర్ధారణ అనిపించుకోదు.

గేజిని ఎక్కడ తగిలించారన్నది అందుకే ముఖ్యం. ఈ ట్రక్కులో ఫిల్టరు లిఫ్ట్ పంపుకూ వీపీ44కూ నడుమ ఉంటుంది; ఫిల్టరుకు ముందూ తరువాతా పీడనాన్ని కొలిచి, రెండింటి తేడా 5 పీఎస్ఐ దాటితే ఫిల్టరునే అనుమానించాలి. రెండుచోట్లా అంకె తక్కువగానే ఉంటే దోషం ఇంకా వెనుక ఉందనో, ఓవర్‌ఫ్లో వాల్వు తెరుచుకునే ఉండిపోయిందనో అర్థం. ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు కనీసం 10 పీఎస్ఐ ఉండాలన్నది ప్రమాణం, కానీ ఐడిలింగ్ అంకెను నమ్మి ఊరుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదు. సుడులు తిరిగే ప్రవాహంలో పీడన నష్టం ప్రవాహ వేగపు వర్గానికి దాదాపు అనులోమంగా పెరుగుతుంది. అంటే ప్రవాహం రెట్టింపయితే నష్టం నాలుగింతలవుతుంది. సగం పూడిన ఫిల్టరు, గొట్టాలను కలిపే ఇరుకు రంధ్రాల బ్యాంజో బోల్టు ఐడిలింగ్‌లో అమాయకంగా కనిపించి, బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే బయటపడతాయి. కాబట్టి గొట్టాన్ని భద్రంగా బిగించి, గేజి ముల్లు కనిపించేలా ఉంచి, లోడుతో బండిని నడిపి చూడవలసిందే. అయితే డీజిల్ నిండిన గొట్టాన్ని క్యాబిన్‌లోకి తేవడం ప్రమాదం గనుక విద్యుత్ సెన్సారున్న గేజి మేలు. స్టార్టరు తిప్పుతున్నంతసేపూ కంప్యూటరు ఈ లిఫ్ట్ పంపును పూర్తి బలంతో నడపదు కాబట్టి అప్పటి అంకెకు విలువ ఇవ్వకూడదు. స్టార్టరును ఒక్కసారి తట్టి వదిలేస్తే పంపు సుమారు 25 సెకన్లపాటు తిరుగుతుంది, కొలతకు ఆ వ్యవధి చాలు.

పంపు దోషమా, దారి దోషమా అన్నది తేల్చడానికి సులువైన ఉపాయం ఉంది. పంపు లాక్కునే గొట్టాన్ని విప్పి, పొట్టి గొట్టంతో శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాకు కలిపి నడిపినప్పుడు పీడనం మామూలుకు వస్తే, నేరం ట్యాంకు జాలీదో, నలిగిన గొట్టానిదో, గాలి పోనివ్వని ట్యాంకు మూతదో అవుతుంది. అప్పటికీ లేవకపోతే పంపును తప్పుపట్టే ముందు, అది తిరుగుతుండగానే దాని కనెక్టరు దగ్గర వోల్టేజి కొలవాలి. తుప్పుపట్టిన కనెక్టరు వోల్టేజిని మింగేస్తే మంచి పంపు కూడా నీరసంగానే తిరుగుతుంది.

లాగే వైపు పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి చేరుతుంది. తెలుగునాట మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే. రాత్రంతా నిలిచిన బండి ఉదయం ఎంతసేపు తిప్పినా అందుకోకపోవడం దాని ఆనవాలు. కొద్దిసేపు పారదర్శకమైన గొట్టం ముక్కను మధ్యలో కలిపితే బుడగలు కంటికే కనిపిస్తాయి. విడి లిఫ్ట్ పంపు లేకుండా, అధిక పీడన పంపులోని గేరు పంపే డీజిల్‌ను లాక్కునే కామన్ రైల్ వాహనాల్లో ఈ జాడ్యం మరింత ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అక్కడ ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారంతా లాగుడు కిందే ఉంటుంది. అటువంటి వాహనంలో కొలవవలసింది పీడనాన్ని కాదు, శూన్యతను.

కామన్ రైల్ అంటే అధిక పీడనపు డీజిల్‌ను నిల్వ ఉంచే ఉమ్మడి గొట్టం. బొలెరో పికప్ మొదలుకొని ఇప్పటి డీజిల్ వాహనాల్లో ఉన్నది ఈ పద్ధతే. రైలులో పీడనం చాలడం లేదని తెలిపే సంకేతం పీ0087. దానికి ఫిల్టరు పూడిక ఎంత కారణమో, అరిగిన ఇంజెక్టరు డీజిల్‌ను వెనక్కి వదిలేయడమూ అంతే కారణం కావచ్చు. ప్రతి ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను విడివిడి సీసాల్లో పట్టి పోలిస్తే, ఎక్కువ నిండిన సీసా దోషిని పట్టిస్తుంది. అధిక పీడనపు వైపు లీకును వేళ్లతో తడిమి వెతకడం మాత్రం ఎన్నడూ చేయరాదు. 2003 నాటి డాడ్జ్ రైలులోనే పీడనం 1,600 బార్ల దాకా ఉండేది. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా అది తక్షణం శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం. వేళ్లకు బదులు అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి.

కొత్త ఇంజెక్షన్ పంపు వేయాలన్న సలహా వచ్చినప్పుడు, లోడు మీద ఫిల్టరు తరువాత పీడనం ఎంత ఉందో ఆ అంకెను యజమాని ముందుగా అడిగి తెలుసుకోవాలి.