చార్మినార్‌లో హీరో కూర్చున్న చోటేది?

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కేటప్పుడే మా మేనల్లుడు షరతు పెట్టేశాడు. "మామా, ముందుగాల మహేష్ బాబు కూసున్న జాగ చూపియ్యాలె. గాజులు తర్వాత!"

వాడికి పదహారేళ్ళు. 'ఒక్కడు' వచ్చింది 2003 సంక్రాంతికి. అప్పటికి వీడు పుట్టనే లేదు! 2023 జనవరిలో మళ్ళీ విడుదలైతే చూసి, కాగితాలు ఎగరేసి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చిన బాపతు. నాకు అప్పజెప్పిన పని మాత్రం వేరు. వాళ్ళ అక్క పెండ్లికి లాడ్ బజార్లో లక్క గాజులు తేవాలి. కొలతకు పాత గాజొకటి రుమాల్లో చుట్టి మా అక్క నా జేబులో పెట్టింది.

చిక్కేమిటంటే... వాడు వెతికే చోటు చార్మినార్లో లేదు! ఆ జనంలో రోజుల తరబడి షూటింగు అయ్యే పని కాదని దర్శకుడు గుణశేఖర్ గోపన్‌పల్లిలో ఏకంగా చార్మినార్‌నే సెట్టు వేయించారు. కళాదర్శకుడు అశోక్ పనితనం అంత బాగా కుదిరింది గనకే మావాడు నమ్మేశాడు. ఈ సంగతి చెప్పడానికి దారి పొడుగునా నాకు నోరు రాలేదు.

అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ మీద మూసీ దాటి, పత్తర్‌గట్టి రాతి కమాన్ల నీడన నడిచాం. అత్తరు వాసన ఒకవైపు, ఇరానీ చాయ్ వాసన ఇంకోవైపు. గుల్జార్ హౌజ్ దగ్గరికి రాగానే ఎదురుగా నాలుగు మినార్లు! మావాడు చేతిలో ఫోను ఉన్న సంగతే మరిచిపోయాడు.

టిక్కెట్లు కొని, ఇరుకైన మెలికల మెట్లు ఎక్కాం. పైదాకా 149 మెట్లున్నాయి గానీ మనల్ని మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు.

"ఇగ మీదికి?" అన్నాడు వాడు.

ఇక దాచి లాభం లేదు. "అరేయ్, మన హీరో ఈడ కూసోలేదురా. అదంతా సెట్టు. షూటింగు కోసం కట్టింది."

వాడు ఉలకలేదు, పలకలేదు. నిజం చెప్పొద్దూ, వాడి జేబులోంచి ఏదో దొంగిలించినట్టనిపించింది నాకు.

కాసేపటికి గోడ మీద చెయ్యి వేసి, "మరి గిది ఎవలు కట్టిన్రు?" అన్నాడు.

అమ్మయ్య అనుకున్నాను! "మనూరికి పేరిచ్చినాయన కొడుకే కట్టించిండు."

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా గోల్కొండను ఏలింది 1550 నుంచి 1580 దాకా. మా పెద్ద చెరువు ఆయన కాలం నాటిదే. తెలుగు కవులు ఆయన్ని 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఈయనకే. ఆయన కొడుకు మహమ్మద్ కులీ 1591లో చార్మినార్ కట్టించి, దాని చుట్టూ హైదరాబాద్ నగరానికి పునాది వేశాడు.

"గట్లనా! ముందే చెప్పవేంది మామా?"

అన్నట్టు, గోడల మీద అభిమాన తారల పేర్లు గీకే మిత్రులకు ఒక్క మాట. ఇది సున్నంతో చేసిన నగిషీ. 2019 మేలో ఒక మినార్ నుంచి పెచ్చు ఊడి కింద పడింది కూడా. మీ హీరో మీద అంత ప్రేముంటే మీ నోటుపుస్తకంలో రాసుకోండి!

దిగి లాడ్ బజార్లోకి మళ్ళాం. నిప్పుల మీద లక్క కరిగించి, కడ్డీలా సాగదీసి, వేడి చల్లారక ముందే గుండ్రంగా వంచి, ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. చూస్తున్న మనకే వేళ్ళు కాలినట్టుంటుంది. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సరే, పక్కనే యంత్రం గాజులు చవగ్గా మెరుస్తుంటే బేరం చేసేవాళ్ళ చూపు అటే పోతోంది. నేనూ అటు చూసినవాణ్ణే. మావాడే నా చొక్కా పట్టి లాగాడు. "సెట్టు గాజులు మనకొద్దు మామా!"

దుకాణాయన నా రుమాల్లోని గాజును వేలికి తొడిగి ఒక్కసారి తిప్పి, "రెండు ఆరు" అన్నాడు. డబ్బా కట్టించాం.

మరునాడు పొద్దున్నే మావాడు చెరువు కట్ట మీద నిలబడి దిగిన ఫోటో నాకు పంపాడు. గాజులు మాత్రం వాళ్ళక్కకు కాస్త బిగువట! మా అక్క ఇచ్చింది ఎన్నేళ్ళ కిందటి గాజో మరి... వచ్చే ఆదివారం మళ్ళీ పాతబస్తీ ప్రయాణం.