సిలువకు కొట్టబడిన ఋణపత్రము

ఈ దినము మనము ధ్యానించబోయే వాక్యభాగము కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము 13, 14 వచనములు. దగ్గరలో బైబిలు ఉంటే తెరిచి ముందు పెట్టుకోండి.

కొన్ని వారాల క్రితం మన కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసిన సహోదరుడు తన పేరు చెప్పవద్దన్నాడు. ఆయన బాప్తిస్మము పొంది ఇరవై సంవత్సరాలు దాటింది. సంఘములో పెద్దగా ఉన్నాడు, ఆదివారం కానుకల సంచి ఆయనే పడతాడు. అయినా ప్రభువు బల్ల దగ్గరకు వచ్చిన ప్రతిసారీ చేయి వణుకుతుందట. యౌవనకాలంలో ఇంట్లో పంపకాలు జరిగినప్పుడు, చదువురాని తమ్ముని చేత వేలిముద్ర వేయించి, బోరు ఉన్న అర ఎకరం తన పేర వ్రాయించుకున్నాడు. సిలువలో నా పాపము పోయిందని పాడుతున్నాను గాని, అది నిజంగా పోయిందా, పోతే నాకు నిద్ర ఎందుకు పట్టదు? ఇదీ ఆయన అడిగిన ప్రశ్న.

"విశ్వసించండి, అంతా సర్దుకుంటుంది" అని జవాబు వ్రాసి పంపవచ్చు. కాని ప్రియులారా, సిలువలో అసలు ఏమి జరిగిందో తెలియకుండా ఇచ్చే ధైర్యము మూడు రోజులు కూడా నిలవదు.

పౌలు ఇక్కడ వాడిన మాట చూడండి. మనకు విరోధముగా ఒక పత్రము ఉండెనని వ్రాస్తున్నాడు. గ్రీకులో ఆ మాటకు చేవ్రాత అని అర్థము. అప్పు తీసుకున్నవాడు తన చేతితో, నేను ఇంత బాకీ ఉన్నాను, తీరుస్తాను అని వ్రాసి ఇచ్చే కాగితము. మన ఊళ్లలో దానినే ప్రోనోటు అంటాము. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టి, అప్పిచ్చినవాని చేతికి ఇస్తాము. ఆ కాగితం అతని పెట్టెలో ఉన్నంతకాలము మనకు మనశ్శాంతి ఉండదు. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని మీకు తెలుసు. అందుకే గడువు దగ్గర పడేసరికి షావుకారు వచ్చి, వందో రెండొందలో చెల్లు వేయించి, నోటు వెనుక సంతకం తీసుకొనిపోతాడు.

దేవుని యెదుట పాపమునకు కాలదోషం పట్టదు. ముప్పై ఏళ్లు గడిచాయి గదా, ఎవరికీ గుర్తులేదు గదా అని మనం అనుకోవచ్చు. మన మనస్సాక్షి మాత్రం గడువు తీరకముందే వచ్చి నోటు తిరగవ్రాయించుకుంటూనే ఉంటుంది. ఆ సహోదరునికి నిద్ర పట్టకపోవడానికి ఇది ఒక కారణము. రెండవ కారణం ఇంకొకటి ఉంది, దాని దగ్గరకు తరువాత వస్తాను.

ఆ కాలపు అప్పుపత్రాలు ఐగుప్తు ఇసుకలో చాలా దొరికాయి. వాటిలో క్రీ.శ. 85వ సంవత్సరపు కోర్టు విచారణ కాగితం ఒకటి ఉంది. ఐగుప్తును ఏలిన రోమా అధిపతి సెప్టిమియస్ వెగెటస్ ఒక చేవ్రాత పత్రాన్ని గీత కొట్టి రద్దు చేయమని ఆజ్ఞ ఇచ్చినట్లు అందులో ఉంది. జర్మను పండితుడు అడాల్ఫ్ డైస్మన్ 1908లో ప్రచురించిన తన గ్రంథంలో దీనిని మన వాక్యముతో పోల్చి చూపించాడు. గీత కొట్టినా కింద అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. పౌలు మాట అంతకంటె బలమైనది. ఆయన వాడినది తుడిచివేయుట అనే మాట. ఆనాటి సిరా దీపపు మసిని జిగురుతో కలిపి చేసేవారు. తడి స్పంజితో తుడిస్తే అక్షరం పోయేది. ముందు తుడిచివేత, ఆ మీదట మేకులతో కొట్టుట. రెండూ చెప్పాడు.

ఇక్కడ ఒక మాట చెప్పనివ్వండి. సమాప్తమైనది అని ప్రభువు సిలువపై పలికిన మాటను ఆ రోజుల్లో అప్పు తీరిన రసీదుల మీద వ్రాసేవారని చాలామంది బోధకులు చెబుతారు, నేనూ చెప్పాను. పండితులు దానిని సందేహిస్తున్నారు కాబట్టి ఇప్పుడు చెప్పడం మానేశాను. కొలొస్సయి పత్రికలో ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మనకు ఆ ఆధారము అవసరమే లేదు.

సరే, పత్రము పోయింది. అప్పు ఎటు పోయింది? నా చిన్నతనంలో మా ఊరిలో పొగాకు పండించే ఒక రైతు చనిపోయాడు. అప్పిచ్చిన ఆసామి పదకొండవ రోజున వచ్చి, జేబులోంచి నోటు తీసి, ఆ విధవరాలి ముందే చింపి పొయ్యిలో వేశాడు. ఊరంతా ఆయనను మెచ్చుకుంది. ఆ సంవత్సరమే కూతురి పెళ్లికి డబ్బు చాలక ఆయన తన ఎద్దుల జతను అమ్ముకున్న సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నోటు చినిగితే అప్పు గాలిలో కలిసిపోదు. చింపినవాడు దానిని మోస్తాడు.

సిలువను గూర్చి కొందరు బోధించేటప్పుడు, కోపముతో ఉన్న తండ్రి దారిన పోయే ఒక నిరపరాధిని పట్టుకొని కొట్టినట్లు చెబుతారు. ఇది వాక్యానుసారము కాదు. దేవుడే క్రీస్తునందు ఉండి లోకమును తనతో సమాధానపరచుకొనుచుండెనని 2 కొరింథీయులకు 5:19 బోధిస్తుంది. నోటు ఎవరి చేతిలో ఉందో ఆయనే నష్టాన్ని తన మీద వేసుకున్నాడు. రోమీయులు నేరస్థుని మీద మోపిన నేరమును ఒక పలక మీద వ్రాసేవారు. యేసు తలకు పైగా పిలాతు పెట్టించిన పలక హెబ్రీ, రోమా, గ్రీకు భాషలలో ఉన్నదని యోహాను 19:20 చెబుతుంది. పిలాతు కొట్టించిన పలకను యెరూషలేము చూసింది. విశ్వాసియైన పౌలు అదే మ్రాను మీద మన చేవ్రాతను చూశాడు.

ఈ పత్రికను కొలొస్సయికి తెచ్చిన తుకికుతో కూడ ఇంకొకడు వచ్చాడు, 4:9 చూడండి. ఒనేసిము! యజమానుడైన ఫిలేమోనును విడిచి వెళ్లిన దాసుడు. అతని విషయమై పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రిక 18, 19 వచనాలలో ఏమున్నది? అతడు నీకు ఏమైన బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని పౌలు నా చేతితో వ్రాస్తున్నానంటాడు. అది అచ్చంగా ప్రోనోటే గదా! మన పత్రము సిలువకు కొట్టబడిందని బోధించిన చెయ్యి, ఇంకొకరి అప్పుకు తానే పత్రము వ్రాసి ఇస్తోంది. ఆయన ఒనేసిమును దాచిపెట్టలేదు, దేవుడు క్షమించాడు గనుక ఫిలేమోనుతో పని లేదనలేదు. ఆ ఇంటి గుమ్మము దగ్గరకే పంపించాడు.

సహోదరుడా, మీరు ఈ సాయంత్రం వింటున్నారని అనుకుంటున్నాను. దేవుని యెదుట మీకు విరోధముగా ఉన్న పత్రము కలువరిలో తుడిచివేయబడింది. దానికి మీరు ఇంకా వడ్డీ కడుతున్నారు, అడగనివానికి కడుతున్నారు. కానుకల సంచి పట్టినా, ఉపవాసాలున్నా, ఆ చెల్లు వేసుకొనేవాడు ఎవరూ లేరు. కాని మీ తమ్ముని అర ఎకరం ఇంకా మీ పాసుపుస్తకంలోనే ఉంది. నేను రెండవ కారణమన్నది ఇదే. క్రీస్తు రక్తము ఆ పొలానికి మీకు హక్కు ఇవ్వలేదు. జక్కయ్య అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, రక్షణ కొనుక్కోవడానికి కాదు, ప్రభువు అప్పటికే అతని ఇంటికి వచ్చాడు గనుక. బలిపీఠము నొద్ద సహోదరుడు గుర్తుకు వస్తే అర్పణ అక్కడే విడిచి వెళ్లమని మత్తయి 5:23, 24లో ప్రభువే చెప్పాడు. బల్ల దగ్గర మీ చెయ్యి వణికినప్పుడు ఆయన ఇదే చెబుతున్నాడేమో.

మీ కుమారులు ఒప్పుకోకపోవచ్చు. ఆ భూమి ధర ఈనాడు ఎంతో నాకు తెలియకపోలేదు. తమ్ముడు తలుపు తీయకపోవచ్చు, తీసి తిట్టవచ్చు కూడా. అయినా వెళ్లండి. ముందు పొలం మాట, ఆ తరువాతే ప్రార్థన మాట. రిజిస్ట్రారు ఆఫీసు పని పూర్తయ్యాక మాకు మళ్లీ ఒక ఉత్తరం వ్రాయండి.